చదరంగంలో కొత్త పావు చేరితే ఏమేం మారతాయి?

2025 జూలైలో లాస్ వేగాస్‌లో జరిగిన ఫ్రీస్టైల్ చెస్ పోటీలో మన వరంగల్ కుర్రాడు ఇరిగేశి అర్జున్ సెమీఫైనల్ చేరాడు. 2018లో 14 ఏళ్ళకే గ్రాండ్‌మాస్టర్ అయి, 2024 డిసెంబర్‌లో అంతర్జాతీయ చదరంగ సమాఖ్య ఫిడే జాబితాలో 2801 రేటింగ్ అందుకున్న ఆటగాడు ఆడాడంటే అది ఆషామాషీ ఆట కాదని అందరికీ అర్థమైంది. కానీ ఆ ఆటలో ఏం మారింది, ఏం మారలేదన్నది చాలామందికి స్పష్టంగా లేదు. ఫ్రీస్టైల్ అంటే కొత్త పావులు ఉంటాయనుకునేవారున్నారు. క్యాపబ్లాంకా చెస్, సెరావాన్ చెస్, ఫెయిరీ చెస్ (మామూలు ఆటలో లేని పావులు, నియమాలు వాడే చెస్‌కు మొత్తంగా ఉన్న పేరు) అన్నీ ఒకటే అనుకునేవారూ ఉన్నారు. వేసవి సెలవుల్లో పిల్లలు సొంతంగా పావు కనిపెట్టి, "ఇది గుర్రంలా దూకుతుంది, ఏనుగులా కూడా పోతుంది" అని ఆడుకోవడం మామూలే. ఆ ఆట పది ఎత్తుల్లో ఎందుకు చెడిపోతుందో మాత్రం వాళ్ళకు తెలియదు. కొత్త పావును ఆటలో నిలబెట్టడం వెనుక లెక్క ఉంది, అనుభవం ఉంది. ఈ వ్యాసం ఆ లెక్క గురించి.

ముందు పేర్లు స్థిరం చేసుకుందాం. ఇక్కడ ఏనుగు అంటే మూలన నిలబడి నేరుగా వెళ్ళే పావు. శకటు అంటే ఐమూలగా వెళ్ళే పావు. మన వైపు చాలా ఇళ్ళలో దీన్నే ఒంటె అంటారు. మంత్రి అంటే రెండు విధాలా వెళ్ళే పెద్ద పావు. గళ్ళను ఎ నుంచి హెచ్ వరకు నిలువు వరుసలు, 1 నుంచి 8 వరకు అడ్డు వరుసలతో చెబుతాను.

## ఏ మార్పు ఎంత లోతుకు వెళ్తుంది

చదరంగాన్ని నాలుగు చోట్ల మార్చవచ్చు. నియమం మార్చవచ్చు, ఆరంభ స్థితి మార్చవచ్చు, పలక మార్చవచ్చు, పావు మార్చవచ్చు. ఈ వరుసలో కిందికి పోయేకొద్దీ పాత అనుభవం తక్కువగా పనికొస్తుంది.

నియమం మారిస్తే పావులన్నీ పాతవే. క్యాస్లింగ్ (రాజు, ఏనుగు రెండూ ఒకే ఎత్తులో కదిలి రాజును భద్రమైన చోటికి చేర్చడం) లేని చెస్ అలాంటిది. మాజీ ప్రపంచ ఛాంపియన్ క్రామ్నిక్ దాన్ని ముందుకు తెచ్చాక 2020 జనవరిలో చెన్నైలో ఆ పద్ధతిలో ఒక టోర్నమెంట్ కూడా జరిగింది.

ఫ్రీస్టైల్ రెండో రకం. బాబీ ఫిషర్ 1996 జూన్‌లో బ్యూనస్ ఐరిస్‌లో ప్రకటించిన చెస్960కే ఇది మరో పేరు. పావుల నడక అణువంత కూడా మారదు, వెనుక వరుసలో వాటి చోట్లు మాత్రమే మారతాయి. 960 ఎలా వచ్చిందో చూడండి. తెల్లగడి శకటుకు 4 చోట్లు, నల్లగడి శకటుకు 4 చోట్లు, కలిపి 16 విధాలు. మిగిలిన 6 గళ్ళలో మంత్రి ఎక్కడైనా ఉండొచ్చు కాబట్టి 96. ఆపైన మిగిలే 5 గళ్ళలో రెండు గుర్రాలను 10 విధాలుగా పెట్టవచ్చు, 960. చివరికి మిగిలే 3 గళ్ళలో రాజు తప్పనిసరిగా నడుమ, ఏనుగులు అటూ ఇటూ. దానికి ఒక్కటే విధం. ఎక్కువమంది తికమకపడేది క్యాస్లింగ్ దగ్గర. రాజు, ఏనుగు ఎక్కడ మొదలైనా క్యాస్లింగ్ తర్వాత మాత్రం మామూలు చెస్‌లో చేరే గళ్ళకే చేరతాయి: రాజు జి1, ఏనుగు ఎఫ్1, లేదా రాజు సి1, ఏనుగు డి1.

మూడో, నాలుగో రకాలు సాధారణంగా కలిసే వస్తాయి. కొత్త పావు చేరిస్తే దానికి చోటు కావాలి, చోటు కోసం పలక పెంచాలి. అసలు చిక్కులన్నీ అక్కడే మొదలవుతాయి.

## ఇప్పుడు ఆడుతున్నదీ మార్చిన ఆటే

కొత్త పావులంటే ఆటను పాడుచేయడమే అనే వాదన విన్నప్పుడు చరిత్ర చూడటం మేలు. చతురంగంలో మంత్రి ఐమూలగా ఒక్క గడి మాత్రమే కదిలేవాడు. ఇవాళ్టి శకటు ఉన్న చోట నిలిచిన పావు ఐమూలగా సరిగ్గా రెండో గడికి దూకేది. మధ్యలో ఎవరున్నా పట్టించుకునేది కాదు. 15వ శతాబ్దం చివర స్పెయిన్ ప్రాంతంలో ఈ రెండు పావుల నడక మారింది. మంత్రి పలకంతా తిరిగేంత బలవంతుడయ్యాడు, శకటు ఐమూలగా ఎంత దూరమైనా వెళ్ళసాగింది. ఆట వేగం ఒక్కసారిగా పెరిగి, పాత ఆటను పూర్తిగా పక్కకు నెట్టేసింది.

మన దేశంలో ఇంకో దారి నడిచింది. పాత దేశవాళీ ఆటలో బంటు మొదటి ఎత్తులో కూడా ఒక్క గడే కదిలేది. రాజు ఆట మొత్తంలో ఒకసారి గుర్రం ఎత్తు వేయవచ్చు. బంటు చివరి వరుస చేరితే ఆ నిలువు వరుసకు చెందిన పావుగానే మారేది. ఊళ్ళో పెద్దవాళ్ళతో ఆడినవారికి ఈ నియమాల్లో ఏదో ఒకటి ఎదురయ్యే ఉంటుంది. అది తప్పు ఆట కాదు. క్యాస్లింగ్ లేనిచోట రాజును కాపాడుకోవడానికి ఆ ఒక్క గుర్రం ఎత్తు ఉంది. ఒక నియమం తీసేస్తే దాని పని చేసే మరో నియమం కావాల్సి వస్తుంది.

## నడకను విడదీస్తే మూడు మూలపదార్థాలు

ఎంత విచిత్రమైన పావైనా దాని నడక సాధారణంగా మూడు రకాల కలయికే.

మొదటిది దూకే పావు. రెండు అంకెలతో దాన్ని పూర్తిగా చెప్పేయవచ్చు. గుర్రం (2,1): ఒక దిశలో రెండు, అడ్డంగా ఒకటి. (1,0) అంటే నేరుగా ఒక గడి, దీన్ని వజీర్ అంటారు. (1,1) అంటే ఐమూలగా ఒక గడి, అంటే పాతకాలపు మన మంత్రే. ఫెర్జ్ అనేది దాని అంతర్జాతీయ పేరు. (2,0) డబ్బాబా. (2,2) ఆల్ఫిల్. (3,1) క్యామెల్. (3,2) జీబ్రా.

రెండోది సాగే పావు. ఒకే దూకును అదే దిశలో మళ్ళీ మళ్ళీ వేసుకుంటూ, దారి ఖాళీగా ఉన్నంతవరకు పోతుంది. వజీర్ దూకును సాగదీస్తే ఏనుగు, ఫెర్జ్‌ను సాగదీస్తే శకటు. గుర్రం దూకును సాగదీస్తే నైట్‌రైడర్. బి1లో నిలబెట్టిన నైట్‌రైడర్ సి3, డి5 ఖాళీగా ఉంటే ఒకే ఎత్తులో ఇ7 దాకా వెళ్తుంది. దీన్ని 1925లో ఇంగ్లండ్‌కు చెందిన చదరంగ సమస్యల (ఇచ్చిన స్థితి నుంచి ఆటకట్టు వెతికే పజిళ్ళ) రచయిత టి.ఆర్. డాసన్ ప్రవేశపెట్టాడు.

మూడోది గెంతే పావు. దీనికి మధ్యలో ఇంకో పావు ఉండాల్సిందే. చైనా చదరంగంలోని ఫిరంగి మామూలుగా ఏనుగులా కదులుతుంది కానీ, చంపాలంటే నడుమ సరిగ్గా ఒక పావును దాటి వెళ్ళాలి. పలక నిండుగా ఉన్నప్పుడు ఫిరంగికి బలం ఎక్కువ. పావులు తగ్గేకొద్దీ దాటడానికి ఎవరూ దొరకరు, బలం పడిపోతుంది. ఏనుగుది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కాబట్టి రెండూ ఉన్న ఆటలో ఏనుగు, ఫిరంగి మార్పిడి ఎప్పుడు లాభమనే ప్రశ్నకు ఆట ఏ దశలో ఉందన్నదాన్ని బట్టే జవాబు.

వీటికి అడ్డంకి షరతు కూడా పెట్టవచ్చు. చైనా గుర్రం మన గుర్రంలాగే (2,1) గడికే చేరుతుంది, కానీ ముందు నేరుగా ఒక గడి, తర్వాత ఐమూలగా ఒక గడి నడిచినట్టు లెక్క. ఆ మొదటి గడిలో ఎవరైనా ఉంటే ఎత్తు లేదు. డి4లోని గుర్రం ఇ6కు పోవాలంటే డి5 ఖాళీగా ఉండాలి. ఇ6లోని ఎదుటి గుర్రం డి4కు రావాలంటే ఇ5 ఖాళీగా ఉండాలి. డి5లో ఒక బంటు ఉందనుకోండి. ఎదుటి గుర్రం నా గుర్రాన్ని కొట్టగలదు, నా గుర్రం దాన్ని కొట్టలేదు. మామూలు చెస్‌లో రెండు గుర్రాల మధ్య ఇది అసాధ్యం.

ఈ నడకలను క్లుప్తంగా రాయడానికి రాల్ఫ్ బెట్జా అనే అమెరికన్ ఆటల రూపశిల్పి ఒక పద్ధతి తయారుచేశాడు. వజీర్‌కు డబ్ల్యూ, ఫెర్జ్‌కు ఎఫ్, డబ్బాబాకు డి, గుర్రానికి ఎన్ అనే అక్షరాలు. పక్కపక్కన రాస్తే కలయిక: డబ్ల్యూఎఫ్ అంటే రాజు నడక. ముందుకు మాత్రమే, చంపడానికి మాత్రమే, కదలడానికి మాత్రమే అనే షరతులకు చిన్న అక్షరాలున్నాయి. ఇంజన్లు, అంటే చదరంగం ఆడే కంప్యూటర్ ప్రోగ్రాములు కూడా ఈ రాతను చదువుతాయి కాబట్టి నేర్చుకోవడం వృథా కాదు.

## పలకలో ఎంత భాగం చేరగలదు

కొత్త పావు గీయగానే వేయాల్సిన మొదటి ప్రశ్న: ఇది అన్ని గళ్ళకూ పోగలదా? రెండు అంకెల మొత్తం సరిసంఖ్య అయితే పావు ఎప్పటికీ రంగు మారదు. క్యామెల్ (3,1), మొత్తం 4, కాబట్టి 32 గళ్ళకే పరిమితం. డబ్బాబా ఇంకా దారుణం, 16 గళ్ళు. ఆల్ఫిల్‌కు 64లో దొరికేవి 8 గళ్ళు మాత్రమే. పాత శకటు నడకను ఎందుకు మార్చాల్సి వచ్చిందో ఈ ఒక్క అంకె చాలావరకు చెబుతుంది.

రంగుకు కట్టుబడి ఉండటం దోషం కాదు, మన శకటు అలాంటిదే. రెండు శకట్లు చెరో రంగు మీద ఉంటే సరిపోతుంది. 8 వరుసల పలకపై అటూ ఇటూ సమానంగా పెట్టిన ఏ జత అయినా తనంత తానే వేర్వేరు రంగుల మీద పడుతుంది. అయితే చోటు చాలక 9 నిలువు వరుసల పలక గీసేవారు ఇక్కడే దెబ్బతింటారు. 9 వరుసల్లో సి1, జి1 రెండూ ఒకే రంగు. రెండు శకట్లూ అదే రంగుపై తిరుగుతాయి, సగం పలకకు కాపలా ఉండదు. పలకను పెంచినవాళ్ళలో ఎక్కువమంది 10 వరుసలకు వెళ్ళడానికి ఇదొక ముఖ్య కారణం.

## ఎత్తుల లెక్క, అది ఎక్కడ తప్పుతుంది

ఖాళీ పలకపై ఒక పావుకు సగటున ఎన్ని ఎత్తులుంటాయో చూడటం బలం అంచనాకు మొదటి మెట్టు. రెండు అంకెలూ సున్నా కాకుండా, వేర్వేరుగా ఉన్న దూకే పావుకు సూత్రం సులువు: 8 × (8 − మొదటి అంకె) × (8 − రెండో అంకె). దాన్ని 64తో భాగించాలి. గుర్రానికి 8 × 6 × 7 = 336, అంటే సగటు 5.25. క్యామెల్‌కు 8 × 5 × 7 = 280, సగటు 4.375. జీబ్రాకు 240, సగటు 3.75. నట్టనడుమ మూడింటికీ 8 ఎత్తులే. తేడా అంచుల దగ్గర వస్తుంది. గుర్రానికి 8 ఎత్తులూ దొరికే గళ్ళు 16 ఉంటే, జీబ్రాకు 4 మాత్రమే. దూరం దూకే పావు బలంగా కనిపిస్తుంది కానీ చిన్న పలకపై అది అంచుకు తగిలి ఆగిపోతూనే ఉంటుంది.

సాగే పావుల్లో ఏనుగుకు ఎక్కడ నిలబడినా 14. శకటుకు సగటు 8.75, మంత్రికి 22.75. నైట్‌రైడర్‌కు 9.5.

ఇప్పుడు చిక్కు చూడండి. శకటు, గుర్రం నడకలు కలిపిన పావును ఆర్చ్‌బిషప్ అంటారు. 8.75, 5.25 కలిపితే 14. ఏనుగుతో సమానం. అయితే రెండింటినీ ఇచ్చిపుచ్చుకోవచ్చా? ఎంతమాత్రం కాదు. నెదర్లాండ్స్‌కు చెందిన ప్రోగ్రామర్ హెచ్.జి. ముల్లర్ 10×8 పలకపై కంప్యూటర్‌తో పెద్ద సంఖ్యలో ఆటలు ఆడించి చూస్తే, ఆర్చ్‌బిషప్ విలువ మంత్రికి ఒక బంటు లోపు దూరంలో నిలిచింది. కారణం ఎత్తుల సంఖ్యలో లేదు, అవి పలకపై పడే తీరులో ఉంది. శకటు తన రంగు గళ్ళనే చూస్తుంది. గుర్రం ప్రతిసారీ తానున్న గడికి వేరే రంగునే చూస్తుంది. రెండూ కలిస్తే ఒకరి గుడ్డితనం ఇంకొకరు పూడుస్తారు, పక్కపక్కన ఉన్న గళ్ళు ఒకేసారి మూతబడతాయి. రుజువుకు ఒక స్థితి: ఎదుటి రాజు ఎ1లో, మన ఆర్చ్‌బిషప్ సి3లో. ఐమూలగా బి2, ఎ1 దాని దెబ్బలో ఉన్నాయి. గుర్రం నడకతో ఎ2, బి1 కూడా. ఇంకెవరి సాయం లేకుండా ఆటకట్టు. ఏనుగుకు ఇది సాధ్యం కాదు, మంత్రికి కూడా సాధ్యం కాదు.

కాబట్టి సగటు లెక్కను ప్రాథమిక జల్లెడగానే వాడాలి. బంట్లను ముందు నుంచి కొట్టగలదా, వెనక్కి రాగలదా, రెండు రంగులూ చూస్తుందా, అడ్డు దాటగలదా అన్నవి ఆ సంఖ్యలో కనిపించవు.

## ఆట మొదలుకాకముందే చెడిపోయే ఆరంభాలు

కొత్త ఆటలు ఎక్కువగా విఫలమయ్యేది పావు వల్ల కాదు, నిలబెట్టిన చోటు వల్ల. రెండు ఉదాహరణలు చూద్దాం.

మొదటిది ప్రపంచ ఛాంపియన్ క్యాపబ్లాంకా ప్రతిపాదించిన ఆట. పలక 10×8. రెండు కొత్త పావులు: ఆర్చ్‌బిషప్, ఇంకా ఏనుగు, గుర్రం కలిసిన ఛాన్సలర్. ఈ జంటను ఆయనకు మూడు శతాబ్దాల ముందే, 1617లో, సిసిలీకి చెందిన పియెట్రో కరెరా వాడాడు. క్యాపబ్లాంకా చివరగా ఖాయం చేసిన వరుస ఎ1 నుంచి జె1 వరకు ఇలా: ఏనుగు, గుర్రం, ఆర్చ్‌బిషప్, శకటు, మంత్రి, రాజు, శకటు, ఛాన్సలర్, గుర్రం, ఏనుగు. ఐ2 బంటును ఎవరు కాస్తున్నారో వెతకండి. జి1 శకటు ఎఫ్2, హెచ్2 చూస్తుంది. హెచ్1 ఛాన్సలర్ తన ముందున్న హెచ్2ను, గుర్రం నడకతో ఎఫ్2, జె2ను చూస్తుంది. ఐ1 గుర్రం జి2 చూస్తుంది. జె1 ఏనుగు జె2 చూస్తుంది. ఐ2ను ఎవరూ చూడటం లేదు. నల్లవైపు ఐ7 పరిస్థితీ అంతే. తెల్లవాడు మొదటి ఎత్తులో డి బంటును జరిపితే సి1 ఆర్చ్‌బిషప్‌కు డి2, ఇ3, ఎఫ్4, జి5, హెచ్6 మీదుగా నేరుగా ఐ7 కనిపిస్తుంది. బంటు పోవడమే కాదు, అక్కడ దిగిన ఆర్చ్‌బిషప్ మూలనున్న ఏనుగును, ఛాన్సలర్‌ను ఒకేసారి పట్టుకుంటుంది. నల్లవాడు తన మొదటి ఎత్తును రక్షణకే వాడాల్సి వస్తుంది. ప్రపంచ ఛాంపియన్ గీసిన పటంలోనే ఇంత కంత ఉంది. తర్వాతివారు ఇవే పావులతో వరుస మార్చి వేరే ఆటలు తయారుచేశారు.

రెండోది పిల్లలు తరచూ చేసే ప్రయోగం: మామూలు పలకపై ఏనుగుల బదులు ఫిరంగులు. ఎ1 ఫిరంగికి ఎ2లో సొంత బంటు ఉంది, అదే దాటడానికి పనికొస్తుంది. తర్వాత వరుసంతా ఖాళీ, ఎదురుగా ఎ7 బంటు. మొదటి ఎత్తులోనే దాన్ని చంపేయవచ్చు. తిరిగి కొట్టేవారున్నారా? బి8 గుర్రం ఎ7ను చూడదు. ఎ8 ఫిరంగి పక్కగడినే కొట్టలేదు, నడుమ ఎవరూ లేరు కదా. పైగా ఎ7లో దిగిన తెల్ల ఫిరంగినే దాటి నల్ల ఫిరంగి ఎ2ను చంపుతుంది. హెచ్ వరుసలోనూ ఇదే తంతు. నాలుగు ఎత్తుల్లో అంచు బంట్లన్నీ తుడిచిపెట్టుకుపోతాయి. చైనా చదరంగంలో ఫిరంగులను మూడో వరుసలో, గుర్రాల ముందు పెట్టారు. అక్కడా మొదటి ఎత్తులోనే ఎదుటి ఫిరంగిని దాటి గుర్రాన్ని చంపవచ్చు. కానీ ఆ గుర్రం పక్కనే రథం (మన ఏనుగులా నడిచే పావు) ఉంది, వెంటనే తిరిగి కొడుతుంది. దెబ్బ ఉంది, దానికి ధర కూడా ఉంది.

ఆరంభ పటాన్ని ఇలాగే ఒక్కో బంటు పేరు చెప్పి, దాన్ని కాసేవారి పేరు పక్కన రాసుకుంటూ పోతే పది నిమిషాల్లో తేలిపోతుంది. ఆ పది నిమిషాలు ఎవరూ పెట్టరు.

## ఒక పావును మొదటి నుంచి చివరి దాకా

ఇప్పుడు మనమే ఒక పావు చేద్దాం. ఐమూలగా ఒక గడి, లేదా నేరుగా రెండో గడికి దూకు. బెట్జా రాతలో ఎఫ్‌డి. దీనికి 'కాపరి' అని పేరు పెట్టుకుందాం. గుర్రాల బదులు బి1, జి1లో కాపరులను నిలబెడదాం.

సగటు ఎత్తులు: ఐమూల భాగానికి 3.06, దూకు భాగానికి 3, మొత్తం 6.06. గుర్రం కన్నా ఎక్కువ. మూలన నిలబడితే కాపరికి 3 ఎత్తులు, గుర్రానికి 2. కానీ రెండు భాగాలూ రంగు మార్చనివే, కాబట్టి కాపరి తన రంగులోని 32 గళ్ళలోనే తిరుగుతుంది. బి1 తెల్లగడి, జి1 నల్లగడి. జత సరిగ్గా కుదిరింది.

బంట్ల కాపలా: బి1 కాపరి ఎ2, సి2ను కాస్తుంది. జి1 కాపరి ఎఫ్2, హెచ్2ను కాస్తుంది. బి2ను సి1 శకటు, జి2ను ఎఫ్1 శకటు చూస్తాయి. కాపలా లేని బంటు ఒక్కటీ లేదు. ఇక్కడే ఒక అనుకోని ఫలితం బయటపడుతుంది. మామూలు ఆటలో ఎఫ్7ను రాజు ఒక్కడే కాస్తాడు. అందుకే మంత్రి, శకటుతో నాలుగు ఎత్తుల్లో కట్టే ఆ పాత ఉచ్చు పారుతుంది. కాపరి ఉంటే ఎఫ్7లో దిగిన మంత్రిని జి8 నుంచి అది చంపేస్తుంది. కొత్తగా నేర్చుకునే పిల్లలకు మొదటి వారంలో నేర్పే ఎత్తు ఈ ఆటలో పనికిరాదు. ఇది లాభమా నష్టమా అన్నది మనం ఎలాంటి ఆట కోరుతున్నామన్నదాన్ని బట్టి ఉంటుంది.

వేగం: ఆరంభంలో బి1 కాపరికి దొరికేది బి3 ఒక్కటే. గుర్రానికి రెండు. బి3 నుంచి బి5, అక్కడి నుంచి బి7. ఎదుటివాడి బంటును తాకడానికి మూడు ఎత్తులు. తొందరపాటు దెబ్బలుండవు, కాస్త మందకొడిగా ఉంటుంది.

ఆట చివర: రాజు, ఒక్క కాపరి కలిసి ఆటకట్టు చేయలేరు. ఎదుటి రాజు ఎ1 మూలన ఉంటే ఎ2, బి1 రెండూ మూయాలి. అవి వేరే రంగు గళ్ళు కాబట్టి కాపరి చేతికి అందవు. మన రాజు రెండింటినీ ఒకేసారి మూయాలంటే బి2లో నిలబడాలి, అది ఎదుటి రాజు పక్కగడి, నియమం ఒప్పుకోదు. అంటే కాపరి విషయంలో కూడా శకటు, గుర్రాల లాగే 'ఒక్కటి మిగిలితే డ్రా' అని నియమాల్లో రాసేయవచ్చు.

గుర్రం పోవడంతో ఆటలో రంగు మారుస్తూ దూకే పావే లేకుండా పోయిందన్నది నా దృష్టిలో ఈ పటానికి ఉన్న అసలు లోటు. ఒక గుర్రాన్ని ఉంచి ఒకే కాపరిని పెడితే? అప్పుడు కాపరి ఒకే రంగును కాస్తుంది, రెండో రంగులో కన్నం మిగులుతుంది. ప్రతి సవరణకూ ఇలాంటి వెల ఒకటి ఉంటుంది.

## బలమైన పావులు ఎక్కువైతే

బలం పెంచితే ఆట రసవత్తరమవుతుందన్న నమ్మకం చాలామందిలో ఉంది. పాఠ్యపుస్తకం విలువల ప్రకారం (బంటు 1, గుర్రం 3, మంత్రి 9) 3 మంత్రులు 27, 7 గుర్రాలు 21. రాజు, బంట్లతో పాటు ఈ రెండు సైన్యాలను కంప్యూటర్‌లో తలపడనిస్తే గుర్రాల వైపే మొగ్గు. మంత్రి ఏ గడిలో నిలబడినా ఏదో ఒక గుర్రం దాన్ని తరుముతుంది. ఒకదాన్నొకటి కాసుకున్న గుర్రాన్ని కొట్టడానికి మంత్రి సాహసించలేదు, తొమ్మిది ఇచ్చి మూడు తీసుకున్నట్టవుతుంది. ఖరీదైన పావుకు చిల్లర పావులే కంచె. పది కొత్త రాక్షస పావులు చేర్చితే అవన్నీ ఒకదానికొకటి భయపడి మూలలకు చేరతాయి. 8×8 పలకపై ఒకటి, మహా అయితే రెండు పెద్ద పావులు చేర్చడమే మేలు.

రెండు వైపులా వేర్వేరు సైన్యాలు ఇచ్చే ఆటలు కూడా ఉన్నాయి, బెట్జా రూపొందించినది వాటిలో పేరున్నది. మన పులి-మేక ఆట తెలిసినవారికి ఇది వింత కాదు. 3 పులులు, 15 మేకలు. నడక వేరు, గెలుపు షరతు వేరు, అయినా ఆట రెండు వైపులా కుదురుతుంది. చదరంగంలో గెలుపు షరతు ఒకటే కాబట్టి సైన్యాల బలం చాలా దగ్గరగా తూగాలి. ఆ తూకం కాగితం మీద తేలదు, ఆడి చూడాల్సిందే.

## ఎన్ని ఆటలు ఆడితే నమ్మవచ్చు

ఫెయిరీ స్టాక్‌ఫిష్ అనే ఉచిత ఇంజన్‌కు ఒక చిన్న టెక్స్ట్ ఫైల్‌లో ఆరంభ స్థితి, కొత్త పావు నడక రాసిస్తే అది తనతో తానే ఆడుతుంది. ఒక వైపు గుర్రాలు, ఇంకో వైపు కాపరులు పెట్టి, సగం ఆటల్లో రంగులు మార్చి ఆడించాలి.

అంకెలతో జాగ్రత్త అవసరం. గెలుపు 1, డ్రా అర, ఓటమి 0 అనుకుంటే ఒక్కో ఆట ఫలితంలో చెదురు (సగటు నుంచి ఫలితాలు ఎంత అటూ ఇటూ పోతాయన్న కొలత) సుమారు 0.4. 100 ఆటల సగటులో అది 4 శాతానికి తగ్గుతుంది. అంటే కాపరి వైపు 100 ఆటల్లో 54 శాతం వస్తే, అది నిజమైన ఆధిక్యమో కాదో చెప్పలేం. 400 ఆటలకు 2 శాతం, 1600 ఆటలకు 1 శాతం. చెదురు సగానికి తగ్గాలంటే ఆటలు నాలుగింతలు కావాలి. స్నేహితులతో పది ఆటలు ఆడి "తెల్లవాడే గెలుస్తున్నాడు" అనడం దీనికి ఎంత దూరమో చూడండి. మరో ఉచ్చు కూడా ఉంది. ఇంజన్ తన దగ్గరున్న విలువను నమ్మే మార్పిళ్ళు చేస్తుంది. కాపరి విలువ తక్కువ రాసి ఉంటే దాన్ని చవకగా ఇచ్చేస్తుంది, ఓడిపోతుంది, ఆ ఓటమే మన అంచనాకు రుజువులా కనిపిస్తుంది. రెండు మూడు వేర్వేరు విలువలతో ఆడించి చూడటం అందుకే.

## ఇదంతా అవసరమా అన్న వాదన

పైస్థాయి ఆటలు డ్రాలతోనే ముగిసిపోతాయన్నది కొత్త పావుల కోసం క్యాపబ్లాంకా చేసిన వాదన. 1927లో అలెఖిన్‌తో ఆయన ఆడిన ప్రపంచ పోటీలో 34 ఆటలు, 25 డ్రాలు. 2018 ప్రపంచ పోటీలో కార్ల్‌సన్, కరువానా ఆడిన 12 క్లాసికల్ ఆటలూ డ్రాయే. పైస్థాయిలో ఆట బిగుసుకుపోతోందన్న భయానికి ఆధారం ఉంది. అయితే జిల్లా స్థాయి పిల్లల టోర్నమెంటులో ఆ భయం కనిపించదు, అక్కడ ఆటలు ఎక్కువగా గెలుపోటములతోనే ముగుస్తాయి. వాళ్ళకు మామూలు చదరంగం ఇంకా తరగని గని.

మధ్యేమార్గం చెప్పేవారు కొత్త పావు అక్కర్లేదు, నియమం చాలు అంటారు. 2020లో క్రామ్నిక్, కృత్రిమ మేధ సంస్థ డీప్‌మైండ్ పరిశోధకులు కలిసి తొమ్మిది నియమ మార్పులను ఆ సంస్థ ప్రోగ్రామ్ ఆల్ఫాజీరోతో పరీక్షించారు. వాటిలో ఒక్కదానిలోనూ కొత్త పావు లేదు. సమస్యల రచయితలది మరో దారి. డాసన్ 1913లో తెచ్చిన గ్రాస్‌హాపర్ ఒక పావును దాటి, సరిగ్గా దాని వెనుక గడిలోనే దిగుతుంది. సమస్యల్లో అందమైన మలుపులకు అది ఎంతో పనికొస్తుంది. ఆటలో పెడితే చివరికి నిస్సహాయంగా నిలబడిపోతుంది.

శిక్షకుల్లో కూడా రెండు మాటలున్నాయి. రేటింగ్ కోసం తయారవుతున్న పిల్లలకు గుర్రం నడకపై పట్టు చెదురుతుందని కొందరి ఆందోళన. బట్టీపట్టిన ఓపెనింగులు పనిచేయనిచోట పిల్లలు సొంతంగా లెక్కించడం నేర్చుకుంటారని మరికొందరి అనుభవం. నాకు రెండో మాటలో బరువు ఎక్కువ కనిపిస్తుంది, కానీ మూల పావుల విలువలు ఒంటబట్టిన తర్వాతే.

## పలక, పావు, నియమాల కాగితం

10×8 పలకను 5 సెంటీమీటర్ల గళ్ళతో ఫ్లెక్స్‌పై ముద్రించుకుంటే లోపలి కొలత 50×40, చుట్టూ 2 సెంటీమీటర్ల అంచుతో 54×44. పావు అడుగు 4 సెంటీమీటర్లు దాటితే పక్క గళ్ళు ఇరుకవుతాయి. కొత్త పావుకు చాలామంది ఏనుగును తలకిందులు చేసి వాడతారు. ఇళ్ళల్లో రెండో మంత్రికీ అదే గుర్తు కాబట్టి బంటు మారిన రోజున గొడవ ఖాయం; పైగా అధికారిక టోర్నమెంట్లలో తలకిందుల ఏనుగును ఏనుగుగానే లెక్కిస్తారు. ఏనుగు తలపై గుర్రం తలను ఎం-సీల్‌తో అతికించిన పావైతే అది ఛాన్సలర్ అని చెప్పకుండానే తెలుస్తుంది. పేరు విషయంలోనూ అంతే శ్రద్ధ కావాలి. శకటును ఒంటె అని పిలిచే ఊళ్ళో క్యామెల్‌ను ఒంటె అంటే ఆట ముందుకు సాగదు.

నియమాల కాగితంలో ఎక్కువగా మరచిపోయేవి మూడు: బంటు ఏయే పావులుగా మారవచ్చు, క్యాస్లింగ్‌లో రాజు ఎన్ని గళ్ళు జరగాలి, ఏ పావులు మిగిలితే డ్రా. క్యాపబ్లాంకా ఆటలో రాజు రెండు కాదు, మూడు గళ్ళు జరుగుతాడు. 2007లో యాసర్ సెరావాన్, బ్రూస్ హార్పర్ తెచ్చిన ఆటలో పలక 8×8గానే ఉంది; కొత్త పావులు రెండూ బయట చేతిలో ఉంటాయి. వెనుక వరుస పావు మొదటిసారి కదిలినప్పుడు అది ఖాళీ చేసిన గడిలో వాటిలో ఒకదాన్ని దించవచ్చు. వెనుక వరుసంతా కదిలేలోపు దించకపోతే ఆ హక్కు పోతుంది. మరి క్యాస్లింగ్‌లో ఒకేసారి రెండు గళ్ళు ఖాళీ అవుతాయి కదా, రెండు పావులూ దించవచ్చా? రాజు గడిలోనో ఏనుగు గడిలోనో ఒకదాన్నే దించాలని వాళ్ళు ముందే రాసిపెట్టారు.